‘వలెను’ అను మాటకు ఆంగ్లమున ఎన్ని ముఖములు?

మా కార్యాలయమునకు శ్రోతలు వ్రాయు ఉత్తరములలో తెలుగు ఉత్తరములతోపాటు ఆంగ్లమున వ్రాసినవియు కొన్ని వచ్చుచుండును. వానిలో ఒక వాక్యము మాకు చిరపరిచితము: ‘యూ మస్ట్ బ్రాడ్‌కాస్ట్ దిస్ సాంగ్ ఆన్ సండే.’ ఆంగ్లము మాతృభాషగా గలవాడెవడైన ఆ వాక్యమును చదివినచో, వ్రాసినవారు మా పై అధికారులు కాబోలు ననుకొనును. మేము మాత్రము అట్లనుకొనము. ఆ చేతివ్రాత వెనుకనుండి ‘ఆదివారమునాడు ఈ పాటను ప్రసారము చేయవలెను’ అను తెలుగు మాట మాకు వినబడుచునే యుండును. తెలుగున ఆ ‘వలెను’ ఆజ్ఞ కాదు. అర్జీ చివర ‘అనుమతింపవలసినదిగా ప్రార్థన’ అని వ్రాయుదుమే, ఆ మాటయే ఇది. అందున్నది వినయము. ఆంగ్లములోనికి దాటునప్పుడు ఆ వినయము ఈవలి ఒడ్డుననే మిగిలిపోవుచున్నది.

ఆజ్ఞ, అవసరము, సలహా, ఈ మూడింటిని తెలుపు ఆంగ్ల సహాయక క్రియలకు మన పాఠశాలలలో సాధారణముగా ఒక్క అర్థమే చెప్పుదురు. ‘మస్ట్’ అనగా వలెను. ‘షుడ్’ అనగా వలెను. ‘ఆట్ టు’ అనగా వలెను. ‘హావ్ టు’ అనగా వలెను. పరీక్షలో ఖాళీలు పూరించుటకు ఇది చాలును. మనుష్యులతో మాటలాడుటకు చాలదు. ఉద్యోగమునకై ఉత్తరము వ్రాయునప్పుడును, విదేశముననున్న కుమారుని ఇంటికి వెళ్ళి అచ్చటి ఇరుగుపొరుగులతో మాటలాడునప్పుడును, మందుసీసాపై నున్న చీటీ చదువునప్పుడును ఈ మాటల తేడా తెలియనిచో కలుగు నష్టము మార్కులతో పోవునది కాదు.

ఈ విషయమును తలపోయుటకు హైదరాబాదులో తార్నాకకంటె తగిన చోటు మాకు తోచదు. తార్ అనగా తీగ, నాకా అనగా కాపలా చౌకీ. తీగకంచె వేసిన చౌకీ ఉండుటవలన ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఆ కూడలికి ఆనుకొనియే ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము. 1918లో ఆ విశ్వవిద్యాలయము స్థాపితమైనప్పుడు బోధనాభాష ఉర్దూ; ఆంగ్లము తప్పనిసరిగా చదువవలసిన పాఠ్యాంశము. 1948 తరువాత ఆంగ్లమే బోధనాభాష అయినది. పిదప 1958లో, దేశమందలి ఆంగ్లోపాధ్యాయులకు శిక్షణ నొసగుటకై కేంద్ర ఆంగ్ల సంస్థ ఆ చేరువనే నెలకొనెను. కన్నడ కవి వినాయక కృష్ణ గోకాక్ తొలినాళ్ళలో దానికి డైరెక్టరుగా పనిచేసిరి. 1972లో విదేశీ భాషలును దాని పేరులో చేరినవి. 2007లో అది కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. ఆ ప్రక్క ఉస్మానియా భాషాశాస్త్ర శాఖలో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు క్రియల పోకడలను పరిశోధించిరి. ఐ.సి.ఎస్. అధికారిగా పనిచేసిన గ్విన్ దొరతో కలిసి వారు రచించిన ఆధునిక తెలుగు వ్యాకరణము 1985లో వెలువడినది. అనగా ఒకే రహదారికి చేరువలో ఒకచోట ఆంగ్లపు ‘మస్ట్’ గూర్చియు, ఇంకొకచోట తెలుగు ‘వలెను’ గూర్చియు విద్వాంసులు తలలు బద్దలు కొట్టుకొనిరి. నడుమ బస్సు కొరకు నిలుచున్న విద్యార్థులు రెండింటిని కలిపి మాటలాడుచుండిరి.

మేమును అట్టి విద్యార్థులలో ఒకరమే. చదువు ముగియు సంవత్సరమున ఒక ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొని, సిఫారసు ఉత్తరము కొరకు మా ఆచార్యులవారికి ఒక చీటీ వ్రాసితిమి: ‘సర్, యూ మస్ట్ గివ్ మీ ఎ లెటర్ బై ఫ్రైడే.’ వారు చదివి, కండ్లజోడు పైనుండి మమ్ము చూచి, ‘మస్ట్ ఐ?’ అని మాత్రము అనిరి. మాకు ముచ్చెమటలు పోసినవి. వారును తెలుగువారే గనుక తరువాత నవ్వి, “బాబూ, నేను ఇవ్వాలని నీ కోరికా, నీ ఉత్తరువా?” అని అడిగిరి. కోరికయే యని విన్నవించుకొంటిమి. “అయితే ‘కుడ్ యూ’ అని అడుగు” అనిరి. ఉత్తరము గురువారమే చేతికందినది. ఆ ప్రశ్న మాత్రము ఇన్నేండ్లయినను మమ్ము విడువలేదు.

ఏలననగా ఆ ప్రశ్నలోనే అసలు కిటుకు ఉన్నది. మన ‘వలెను’ అనునది ‘వలయును’ అను రూపమునుండి వచ్చినది. వలపు, వలచుట అను మాటలకును దీనికిని చుట్టరికము కలదు. తెలంగాణమున ఇప్పటికిని ‘పోవాలె’, ‘చెయ్యాలె’ అని ఆ పాత రూపమును చక్కగా నిలుపుకొని యున్నారు. అనగా తెలుగున విధిని చెప్పు మాట కోరికనుండి పుట్టినది. ఆంగ్లమున ‘షల్’ అను మాటకు వేయి యేండ్ల క్రిందట ‘బాకీ పడియున్నాను’ అను అర్థముండెను. ‘షుడ్’ దాని భూతరూపము. ‘ఆట్’ అనునది కూడ అప్పుపడుట యను అర్థము గల ‘ఓ’ అను క్రియయొక్క పాత రూపమే. మనము వలపుతో అడుగుచుండగా వారికి బాకీ వసూలు చేయుచున్నట్లు వినబడుట వింత కాదు. ఇది మా చమత్కారమే గాని వ్యాకరణ సూత్రము కాదు. అయినను జ్ఞాపకముంచుకొనుటకు పనికివచ్చును.

‘మస్ట్’ అనునది చెప్పువాని అధికారముతో వచ్చు మాట. ‘ఇది తప్పదు, నేను చెప్పుచున్నాను’ అని దాని భావము. కనుక పైవారికిగాని సమానులకుగాని మన పని చేసిపెట్టుమని చెప్పునప్పుడు అది పనికిరాదు. అయితే ఇచ్చట ఒక చిత్రమున్నది. ‘యూ మస్ట్ కమ్ టు అవర్ డాటర్స్ వెడ్డింగ్’ అన్నచో ఎవరును కోపగింపరు, సంతోషింతురు. ‘యూ మస్ట్ హావ్ అనదర్ లడ్డు’ అనుట మర్యాదయే. మన శుభలేఖలోని ‘తప్పక విచ్చేయవలెను’ వంటిదే ఇది. చేయవలసిన పనివలన మేలు ఎవరికి? వినువానికైనచో బలవంతము ఆదరమగును. చెప్పువానికైనచో అదే బలవంతము దౌర్జన్యమగును. విందునకు రమ్మనుటకు ‘మస్ట్’. కాగితముపై సంతకము చేయుమనుటకు ‘కుడ్ యూ ప్లీజ్’. ఈ ఒక్క తేడా తెలిసినచో మా ఉత్తరముల సంచిలో సగము వాక్యములు చక్కబడును.

ఇంక ‘షుడ్’. ఇది సలహాకు సొంత ఇల్లు. చెప్పువాడు మంచిదని తాననుకొన్న దానిని చెప్పును. వినువాడు వినకపోయినను శిక్ష లేదు. తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో కూనూరున పుట్టి 1958లో హైదరాబాదు చేరినది. దినమునకు 5 గ్రాములకు మించి ఉప్పు తినరాదని ఆ సంస్థవారు చెప్పుచున్నారు. ఆరోగ్యవంతునికి వైద్యుడు ఈ మాట ‘యూ షుడ్ ఈట్ లెస్ సాల్ట్’ అని చెప్పును. మూత్రపిండములు దెబ్బతిని పాదములు వాచిన రోగికి అదే వైద్యుడు ‘యూ మస్ట్’ అనును. ఉప్పు అదే, ప్రమాదము వేరు. రోగి ఆ తేడాను పట్టుకొనకపోయినచో, రెండవ మాటను కూడ ఇరుగుపొరుగు చెప్పిన చిట్కావలె విని ఊరగాయ జాడీ తెరచును. ‘ఆట్ టు’ అనునది ‘షుడ్’ వంటిదే; కాని ధర్మము, న్యాయము అను ఛాయ కొంత హెచ్చు. మన ‘తగును’ దానికి సరిపోవును. నేడు దాని వాడుక చాల తగ్గినది. గ్రహించుట వచ్చినచో చాలును.

సలహా విషయమున మనవారు పొరపడునది నిజమునకు ‘షుడ్’ దగ్గర కాదు. ‘హాడ్ బెటర్’ దగ్గర. ‘మీరు ప్రిన్సిపాలుగారిని కలిసికొన్నచో మంచిది’ అను మెత్తని మాటను ‘బెటర్ యూ మీట్ ద ప్రిన్సిపాల్’ అని తర్జుమా చేయుదుము. ‘బెటర్’ అనగా మేలు గదా, ఇంతకంటె మృదువైన మాట యేమున్నదని మన నమ్మకము. కాని ‘యూ హాడ్ బెటర్ మీట్ హిమ్’ అను ఆంగ్ల వాక్యమున ‘లేనిచో నీకే చేటు’ అను హెచ్చరిక దాగియుండును. తండ్రి కొడుకుతో అనవచ్చును. పోలీసు జవాను వాహనచోదకునితో అనవచ్చును. క్రొత్తగా ఉద్యోగమున చేరినవాడు పై అధికారితో అన్నచో, బెదిరించుచున్నాడని తలచుదురు. మన ‘మంచిది’కి సరియైనది ‘ఇట్ మైట్ బి బెటర్ టు మీట్ హిమ్’. ఆ చిన్న ‘మైట్’లోనే మర్యాద యంతయు నున్నది.

‘మస్ట్’, ‘హావ్ టు’ అను వానికి గల భేదము సూక్ష్మము. బయటి నియమమువలన కలిగిన అవసరమునకు ‘హావ్ టు’. మన మనస్సే చెప్పు అవసరమునకు ‘మస్ట్’. ‘ఐ హావ్ టు వెకేట్ ద రూమ్ బై ద థర్టీయెత్’ అను విద్యార్థి హాస్టలు నియమమును చెప్పుచున్నాడు. ‘ఐ మస్ట్ రైట్ టు మై మదర్’ అనునప్పుడు ఏ నియమమును లేదు, మనస్సు గ్రుచ్చుచున్నది. అయినను ఈ గీత నానాటికి చెరిగిపోవుచున్నది. 1961 నాటి ఆంగ్ల రచనలను 1990 దశకపు తొలి సంవత్సరముల రచనలతో పోల్చి చూచిన జెఫ్రీ లీచ్ అను ఆంగ్ల పండితుడు ‘మస్ట్’, ‘షల్’, ‘ఆట్’ వాడుక స్పష్టముగా తగ్గినదని తేల్చెను. ఒకరిపై ఒకరు అధికారము చెలాయించినట్లు వినబడు మాటలు జనులకు రుచించుట లేదు కాబోలు. సందేహము కలిగినప్పుడు ‘హావ్ టు’ వాడినచో తప్పు పట్టువారుండరు.

భూతకాలమున మాత్రము ‘హావ్ టు’ తప్ప గతి లేదు, ఏలననగా ఈ అర్థమున ‘మస్ట్’కు భూతరూపము లేదు. ఇచ్చట మన తెలుగే మనకు గొప్ప ఊతము. ‘నిన్న బ్యాంకుకు వెళ్ళవలసి వచ్చినది’ అన్నచో వెళ్ళితిమి. ఇష్టము లేకున్నను వెళ్ళితిమి. ‘నిన్న బ్యాంకుకు వెళ్ళవలసినది’ అన్నచో వెళ్ళలేదు, ఇప్పుడు చింతించుచున్నాము. మొదటిది ‘ఐ హాడ్ టు గో’. రెండవది ‘ఐ షుడ్ హావ్ గాన్’. హైదరాబాదువారికి దీనికి మూడవ సాక్ష్యము కూడ కలదు: ఉర్దూలో ‘జానా పడా’ అనునది ఒకటి, ‘జానా చాహియే థా’ అనునది వేరొకటి. పాతబస్తీ వీధులలో ‘చాహియే’కు బదులు ‘మేరేకు పానీ హోనా’ అందురు. అందు తెలుగు ‘కావలెను’ నీడ మాకు కనబడుచుండును. రెండు భాషలలో ఇంత చక్కని విభాగమును చిన్ననాటనుండి తప్పులేకుండ వాడుకొనుచున్న బాలుడు ఆంగ్లములో ‘ఐ షుడ్ గో యెస్టర్డే’ అని వ్రాయుటకు కారణము బుద్ధిమాంద్యము కాదు. నీకు ఇది ఇంతకుముందే తెలిసినదే యని అతనికి ఎవరును చెప్పకపోవుట.

ఊహకు ‘మస్ట్’ వాడుట మనకు కష్టము కాదు. ‘రైలు ఈపాటికి వచ్చియుండవలెను’ అను వాక్యము ‘ద ట్రైన్ మస్ట్ హావ్ కమ్’ అని అట్లే దిగును. చట్టములలోని ‘షల్’ సంగతి న్యాయవాదులకు విడిచిపెట్టుదము. అది నిర్బంధమా, సూచనయా యని న్యాయస్థానములే తర్కించుకొనుచుండును.

ఇక మిగిలినది నిషేధము. అన్నిటికంటె ముఖ్యమైనది గనుక చివరకు ఉంచితిమి. ‘చేయవలెను’ అనుదానికి వ్యతిరేకము తెలుగున రెండు విధములు: ‘చేయరాదు’, ‘చేయనక్కరలేదు’. మొదటిది తలుపు మూసివేయును. రెండవది తెరచి ఉంచి, నీ యిష్టము అనును. ఆంగ్లమున ‘మస్ట్ నాట్’ మొదటిది. ‘నీడ్ నాట్’, ‘డోంట్ హావ్ టు’ రెండవది. ‘మస్ట్’ అనగా అవసరము, ‘నాట్’ అనగా లేదు, రెండును కలిపి ‘అవసరము లేదు’ అని లెక్క కట్టువారు కొందరు కలరు. లెక్క సరిగానే ఉన్నట్లు తోచును. కాని ఆ ‘నాట్’ అంటుకొనునది అవసరమునకు కాదు, పనికి: చేయకుండుటయే అవసరము అని అర్థము. మన మాటలోను ఇట్లే జరిగినది. ‘వలయు’నకు వ్యతిరేకమైన ‘వలదు’ అనునది ‘అక్కరలేదు’ అను అర్థమున నిలువక, ‘వద్దు’ అయి నిషేధమైనది. ‘మస్ట్ నాట్’ అనగా ‘వద్దు’ అని జ్ఞాపకముంచుకొన్నచో ఇక పొరపాటు రాదు.

తార్నాకలో మాకు తెలిసిన కుటుంబమొకటి కలదు. ఇంటి పెద్దాయనకు డెబ్బది యేండ్లు దాటినవి. రక్తపుపోటునకు దినమునకొక మాత్ర వేసికొనుచుండిరి. గొంతులో మాత్ర దిగుట కష్టమగుచున్నదని ఆయన అనగా, కోడలు పెట్టెపై నున్న చీటీ చదివెను. ‘మస్ట్ నాట్ బి క్రష్డ్ ఆర్ చ్యూడ్’ అని యుండెను. ఆమె పట్టభద్రురాలు. ఆ చీటీ చదివిన తరువాతనే మాత్రను నూరి, తేనెలో కలిపి, మామగారికి ఇచ్చెను. అది కొద్దికొద్దిగా కరగి దినమంతయు పనిచేయునట్లు చేసిన మాత్ర. నూరినచో ఇరువదినాలుగు గంటలకు పంచవలసిన మందంతయు ఒక్కసారిగా రక్తములో కలియును. గంట తిరుగకముందే ఆయన కుర్చీనుండి లేవబోయి కూలిరి. వైద్యశాలలో ఒక రాత్రి గడిపి, దైవవశమున క్షేమముగా ఇల్లు చేరిరి.

మేము పరామర్శకు వెళ్ళినప్పుడు ఆమె కన్నీరు పెట్టుకొని, “నూరక్కర్లేదని రాశారు గదా, నూరితే మాత్రం తప్పేముంది అనుకున్నానండీ” అనెను. పెద్దాయన వెంటనే, “ఊరుకో అమ్మా, ఆ చీటీ నేనూ చదివాను. నాకూ అలాగే అర్థమైంది” అనిరి. ఆయన ముప్పది యేండ్లు ఆంగ్లములో ఫైళ్ళు వ్రాసిన ఉద్యోగి. ఇప్పుడు వారి మందుల పెట్టెపై తెలుగున చేతితో వ్రాసిన చీటీలు అంటించి యున్నవి. ఒకదానిపై ‘నూరరాదు’, మరియొకదానిపై ‘నూరవచ్చును’, మూడవదానిపై ‘పాలతో వేసికొననక్కరలేదు, నీళ్ళు చాలును’. ఆమె ఆ మూడవ చీటీ వ్రాయుటకు ముందు మందుల దుకాణమునకు ఫోను చేసి, ‘పాలతో వేసికొనరాదా, వేసికొననక్కరలేదా, రెండింటిలో ఏది?’ అని తెలుగులోనే అడిగి తెలిసికొన్నదట.